దొంగ కాపీల కాలం

లాయర్ల ఆఫీసులో ఆ కుర్రాడి ముందు పోసినవన్నీ కాగితాలే. లక్షల పేజీలు. అన్నీ కొరియన్‌లో.

అతను లాయరు కాదు. వేసవి సెలవుల్లో పని నేర్చుకుందామని చేరిన విద్యార్థి. మాతృభాష కొరియన్, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివిందీ కొరియనే. ఆఫీసులో మిగతా ఎవరికీ ఆ లిపిలో అక్షరం ముక్క రాదు. అందుకని కుప్ప మొత్తం అతనికే అప్పజెప్పారు.

ఎదుటి పక్షం ఎత్తు కూడా అదే. అమెరికాలో సివిల్ దావా నడిచేటప్పుడు ఒక పక్షం అడిగిన పత్రాలు రెండో పక్షం ఇచ్చి తీరాలి. దాచిపెడితే తప్పు. కానీ అడిగినదాన్ని అడగనిదానితో కలిపి, చదవలేని భాషలో, బళ్లకెత్తి తెచ్చి పడేస్తే తప్పు పట్టడం కష్టం. అవతలివాడు అది చదువుకునేలోపు వాడి డబ్బు అయిపోతుంది.

డబ్బు నిజంగానే అయిపోతోంది. దావా వేసింది వాషింగ్టన్ రాష్ట్రంలోని వాల్వ్ అనే వీడియో గేముల కంపెనీ. మైక్రోసాఫ్ట్ వదిలి వచ్చిన గేబ్ న్యూవెల్, మైక్ హ్యారింగ్టన్ అనే ఇద్దరు 1996లో పెట్టింది. ఎదుట నిలబడ్డది వివెండి. ఫ్రాన్స్ నుంచి నడిచే మహా సంస్థ. చిన్నవాళ్లు వేసిన చిన్న దావాకు పెద్దవాళ్లు పెద్ద ఎదురు దావా వేశారు. న్యూవెల్ మీద వ్యక్తిగతంగా కూడా వేశారు. కంపెనీతోపాటు తానూ దివాలా అంచుకు చేరిపోయానని న్యూవెల్ తర్వాత చెప్పుకున్నాడు.

కుర్రాడు చదువుతూ పోయాడు. ఎక్కడో మధ్యలో ఒక ఈమెయిలు తగిలింది. వివెండి కొరియా శాఖలోని పెద్ద అధికారి ఒకరు పైవాళ్లకు రాసుకున్నది. వాల్వ్ కేసుకు సంబంధించిన పత్రాలను మీరు చెప్పినట్టే నాశనం చేశాను అని దాని సారాంశం.

పత్రాలు తగలబెట్టామని చెప్పే పత్రాన్ని మాత్రం తగలబెట్టడం మరిచిపోయారు. ఆ ఒక్క ఈమెయిలుతో కేసు నడక తిరగబడింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, వాల్వ్ విడుదల చేసిన రెండు గంటల డాక్యుమెంటరీలో ఆ కంపెనీవాళ్లు ఈ సంగతి బయటపెట్టారు. అప్పటిదాకా బయటి లోకానికి తెలియదు.

ఇంతకీ ఇంత యుద్ధం దేని గురించి? సైబర్ కెఫెల గురించి.

వాల్వ్ మొదటి ఆట హాఫ్-లైఫ్ 1998 నవంబరులో వచ్చింది. దాన్ని డబ్బాల్లో పెట్టి దుకాణాలకు పంపింది సియెరా అనే ప్రచురణ సంస్థ. ఆ సియెరా తర్వాత వివెండి గొడుగు కిందికి వెళ్లింది. హాఫ్-లైఫ్ ఇంజిన్ మీదే మిన్ లె, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఖాళీ సమయంలో కౌంటర్-స్ట్రైక్ అనే ఆట అల్లారు. 1999 జూన్‌లో దాని మొదటి బీటా ఊరికే నెట్‌లో పెట్టారు. అది దావానలంలా పాకింది. వాల్వ్ ఆ ఆటను, ఆ ఇద్దరినీ తనలో కలుపుకుంది. కొరియాలో పీసీ బాంగ్ అనే కంప్యూటర్ గదులు వీధివీధికీ ఉండేవి. అలాంటి గదులకు కూడా వివెండి ఈ ఆటలను అద్దెకిచ్చుకుంటోంది, ఒప్పందంలో ఆ హక్కు వాళ్లకు లేదు అన్నది వాల్వ్ వాదన. 2002 ఆగస్టులో కోర్టుకెక్కింది.

ఆ గదులు నాకు తెలుసు. కొరియాలోవి కాదు, డిండోలివి.

సూరత్‌లో ఉధనా జంక్షన్ దాటి జల్‌గావ్ వైపు వెళ్లే రైలు పట్టాల పక్కన ఉంటుంది డిండోలి. అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ లైను మీదుగానే వరంగల్ చేరుతుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నేతపనివాళ్లు దశాబ్దాలుగా ఇటొచ్చి సూరత్ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకుతున్నారు. లింబాయత్, గోడాదరా, పర్వత్ గామ్, డిండోలి: ఈ పేటల్లో ఏ సందులో నిలబడి "ఏమే" అని పిలిచినా ఒకరు వెనక్కి తిరిగి చూస్తారు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం బడులూ ఉన్నాయి. ఆ బడి పిల్లలు పెరిగి సాంచాలు పట్టారు, లేదా చీరల మార్కెట్లలో మూటలు మోశారు, లేదా నాలాగా ఏదో ఒక గుమాస్తాగిరీలో పడ్డారు.

2000 తర్వాతి సంవత్సరాల్లో మాకున్న విలాసం ఒక షట్టర్ గది. లోపల గోడవారగా అర డజను కంప్యూటర్లు, చెక్క పలకలతో అడ్డాలు, తిరిగీ తిరగని ఫ్యాను. గంటకు పదో పదిహేనో రూపాయలు. పైన బోర్డు మీద ఇంటర్నెట్ అని రాసి ఉండేది గాని, ఇంటర్నెట్ కోసం వచ్చేవాళ్లు పరీక్షా ఫలితాల రోజుల్లో తప్ప కనబడేవారు కాదు. మిగతా ఏడాదంతా కౌంటర్-స్ట్రైకే. రాత్రి పాళీ పన్నెండు గంటలు సాంచా మీద నిలబడ్డ కుర్రాళ్లు తెల్లవారి తలలో దారప్పోగులతోనే వచ్చి కూర్చునేవారు. రాత్రంతా వాళ్ల చెవుల్లో సాంచాల హోరు ఉంటుంది కదా, అందుకని అరుచుకునే మాట్లాడేవారు. "బాంబు పెట్టిండ్రా! ఎనకకు రా, ఎనకకు!" ఎవరు ఏ పక్షమో తెరలు చూడకుండా అరుపులను బట్టే చెప్పొచ్చు.

ఆ గదిలో ఉన్న ఏ ఆటా కొన్నది కాదు. ఒక సీడీ ఎక్కడినుంచో వచ్చేది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఎవరి బావమరిదో తెచ్చాడని చెప్పుకునేవారు. అది అన్ని కంప్యూటర్లకూ ఎక్కేది. సీడీ మీద స్కెచ్ పెన్నుతో ఆట పేరు. ఆ పేరులోనూ ఒక అక్షరం తప్పు. సముద్రాల అవతల వివెండి, వాల్వ్ రెండూ సైబర్ కెఫె సొమ్ము నాదంటే నాదని కొట్టుకుంటున్నప్పుడు, మేం ఆ తగువుకు కూడా బయటివాళ్లం. వాళ్ల దగ్గరా కొనలేదు, వీళ్ల దగ్గరా కొనలేదు.

ఇక అసలు దొంగతనానికి వద్దాం.

2003 సెప్టెంబరు. వాల్వ్ నాలుగేళ్లుగా గుట్టుగా హాఫ్-లైఫ్ 2 తయారు చేస్తోంది. ఆ మే నెలలో లాస్ ఏంజెలెస్ ఈ3 ప్రదర్శనలో చూపించినప్పుడు జనం నోళ్లు తెరిచారు. నీళ్లు నీళ్లలా ఉన్నాయి, చెక్క చెక్కలా విరుగుతోంది, మనుషుల కళ్లు మనవైపే తిరుగుతున్నాయి. సెప్టెంబరు 30న విడుదల అన్నారు. ఆ తేదీ అబద్ధమని లోపలివాళ్లకు తెలుసు. ఆట సిద్ధంగా లేదు. చివరి రోజులదాకా బయటికి చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు.

ఆ నెల రెండో వారంలో న్యూవెల్ కంప్యూటరు వింతగా ప్రవర్తించసాగింది. ఒక ఫైలు మీద కుడి బటన్ నొక్కితే చాలు, కుప్పకూలేది. డిస్కు తుడిచి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. తన ఈమెయిలు ఇంకెవరో చదువుతున్నారన్న సంగతి తర్వాత గాని బయటపడలేదు. తను కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసిపెట్టే ప్రోగ్రాం ఒకటి లోపల కూర్చుని ఉంది. సెప్టెంబరు 19 ప్రాంతంలో ఆట సోర్స్ కోడ్ మొత్తం, అంటే ఆ ఆట వంటకానికి సంబంధించిన పోపు డబ్బాతో సహా, ఎవరో ఎత్తుకుపోయారు. అక్టోబరు మొదట్లో అది నెట్‌లో తేలింది. ఇంకొన్ని రోజులకు సగం ఉడికిన ఆట కూడా తేలింది. ఈ3లో చూపింది ఎంత, నిజంగా ఉన్నది ఎంత అన్నది లోకమంతా చూసింది.

అక్టోబరు 2న న్యూవెల్ చేసిన పని నాకు ఇప్పటికీ నచ్చుతుంది. లాయరు నోటీసు ఇవ్వలేదు. జరిగింది జరిగినట్టు రాసి, ఎవరికైనా ఏమైనా తెలిస్తే చెప్పండి అని ఆటగాళ్లనే అడిగాడు. ఇల్లు దోచుకున్నవాడి కోసం వీధి జనాన్ని సాయం అడిగినట్టు.

దొంగ వీధి జనంలోనే ఉన్నాడు. జర్మనీలో, నల్లడవి అని పిలిచే కొండ ప్రాంతంలో, షూనావు అనే చిన్న ఊళ్లో. పేరు అక్సెల్ గెంబె. వయసు ఇరవై దాటీ దాటలేదు. ఇతగాడు ఈ దారిలోకి ఎలా వచ్చాడో వింటే మన కెఫెల కథే. వార్‌క్రాఫ్ట్ 3 ఆటకు దొంగ తాళంచెవి తయారుచేసే ప్రోగ్రాం అనుకుని ఒకదాన్ని దించుకున్నాడు. అది వైరస్. తన కంప్యూటరే మరొకరి చేతిలోకి పోయింది. కోపం బదులు కుతూహలం పుట్టింది. దాన్ని విప్పి చూసి, తనే అంతకంటే గట్టిదాన్ని రాశాడు. అగోబాట్ అన్న ఆ పేరు కంప్యూటర్ భద్రత చూసేవాళ్లకు బాగా గుర్తు.

అతనికి హాఫ్-లైఫ్ అంటే ప్రాణం. రెండో భాగంలో ఏముందో విడుదలకు ముందే తెలుసుకోవాలి. అంతే. వాల్వ్ నెట్‌వర్కు చుట్టూ తిరిగి తిరిగి ఒక సందు కనిపెట్టాడు. లోపల 'బిల్డ్' అనే ఖాతా ఒకటుంది. దానికి పాస్‌వర్డ్ లేదు. కోట గోడలు ఎంత ఎత్తయినా దొడ్డి గుమ్మానికి గొళ్లెం పెట్టని ఇల్లది. నెట్‌లో పెట్టింది తను కాదని, తను నమ్మి ఇచ్చిన మరొకడని గెంబె మొదటి నుంచీ చెబుతున్నాడు.

2004 ఫిబ్రవరిలో అతనే న్యూవెల్‌కు ఉత్తరం రాశాడు. తప్పయిందన్నాడు. వాల్వ్‌లో ఉద్యోగం ఇస్తారా అని కూడా అడిగాడు.

న్యూవెల్ ఇస్తానన్నాడు!

ఫోన్‌లో ఇంటర్వ్యూ పెట్టారు. ఎలా దూరావు, ఏం చేశావు అని వాల్వ్ వాళ్లు అడుగుతుంటే, కాబోయే యజమానులకు తన ప్రతిభ చూపిస్తున్నానన్న ఉత్సాహంతో అన్నీ చెప్పాడు. చెప్పిందంతా సాక్ష్యం. తర్వాత నేరుగా అమెరికా రమ్మన్నారు, సియాటిల్‌లో మాట్లాడుకుందామన్నారు. అక్కడ కాచుకుని ఉండేది ఎఫ్‌బీఐ. గెంబె వీసా ప్రయత్నాల్లో పడ్డాడు. తండ్రినీ తమ్ముణ్ణీ వెంట తీసుకెళ్లాలనుకున్నాడట. కొడుక్కి అమెరికా ఉద్యోగం వస్తే కుటుంబమంతా విమానం ఎక్కాలనుకోవడం మనకు మాత్రం తెలియనిదా?

ఈ సంగతి జర్మనీ పోలీసుల చెవిన పడింది. తమ పౌరుణ్ణి విమానం ఎక్కనివ్వదలచుకోలేదు.

2004 మే 7, తెల్లవారుజాము. గెంబె కళ్లు తెరిచేసరికి మంచం చుట్టూ తుపాకులు. లేవమన్నారు, కీబోర్డు ముట్టొద్దన్నారు. ఆయుధాలు పట్టుకొచ్చినవాళ్లకు భయం వేసింది ఆ కీబోర్డును చూసే. అతను బట్టలు వేసుకుని కిందికి దిగాడు. ఆకలేస్తోంది, ఏమైనా తినొచ్చా అన్నాడు. రొట్టె కోసుకుందామని కత్తి చేతిలోకి తీసుకున్నాడు. గదిలో ఉన్న తుపాకులన్నీ ఒక్కసారి లేచాయి. తర్వాత ఎప్పుడో యూరోగేమర్ అనే వెబ్‌సైటుతో మాట్లాడుతూ అతనే చెప్పుకున్న వివరాలివి. స్టేషన్‌లో పోలీసు అధికారి ఒకాయన, ఆ విమానం ఎక్కకముందే మాకు దొరికావు, ఎంత అదృష్టవంతుడివో నీకు తెలుసా అన్న అర్థం వచ్చేలా అన్నాడట. అదే రోజున జర్మనీలో మరోచోట ససర్ అనే వైరస్‌తో లోకాన్ని గడగడలాడించిన కుర్రాణ్ణి కూడా పట్టుకున్నారు. ఇద్దరికీ సంబంధం ఉందేమోనని గెంబెను అడిగారు. లేదు.

2006 నవంబరులో తీర్పు వచ్చింది. రెండేళ్ల ప్రొబేషన్. జైలు లేదు. బాల్యం సరిగా గడవలేదని, ఈలోపు మనిషి దారిలో పడ్డాడని జడ్జి లెక్కలోకి తీసుకున్నారు. నాకు ఆ తీర్పు సమంజసంగానే తోస్తుంది. అమెరికాలో పడి ఉంటే ఏమయ్యేదో.

హాఫ్-లైఫ్ 2 చివరికి 2004 నవంబరు 16న వచ్చింది. డబ్బాలు దుకాణాలకు పంపింది మళ్లీ ఆ వివెండియే. పగలు కోర్టులో ఒకరి గొంతు ఒకరు పట్టుకుని, సాయంత్రం ఒకే బండిలో సరుకు పంపుకున్నారు. డబ్బా కొన్నా సరే, ఇంటర్నెట్‌లో వాల్వ్ వారి స్టీమ్ ద్వారా అనుమతి తెచ్చుకుంటే గాని ఆట తెరుచుకోదు. దొంగ కాపీలు పట్టేందుకు ఇదొక వల. పడినవాళ్లు పడ్డారు. ఆ నెలలోనే దాదాపు 20 వేల ఖాతాలు మూసేశారు. విడుదలైన రెండు వారాల్లోపే, నవంబరు 29న, సియాటిల్ ఫెడరల్ జడ్జి థామస్ జిల్లీ సైబర్ కెఫెలకు ఆటలిచ్చే హక్కు వివెండికి లేదని తేల్చారు. 2005 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. స్టీమ్ ఆ తర్వాత ప్రపంచంలో కంప్యూటర్ ఆటలకు అతిపెద్ద అంగడి అయింది. సైబర్ కెఫెలు ఒక్కొక్కటే షట్టర్లు దించుకున్నాయి. డిండోలిలో మా గది ఇప్పుడు మొబైల్ రిపేర్ షాపు.

మా కెఫె యంత్రాల మీద హాఫ్-లైఫ్ 2 నడిచేది కాదు. దానికి 256 ఎంబీ మెమరీ అయినా కావాలి. మాకున్నది అందులో సగం. ఒక్క యంత్రానికి మాత్రం యజమాని ఎక్కడో పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించాడు. దాని ముందు క్యూ. వచ్చిన కాపీ ఎవరో తాళం విరగ్గొట్టింది. మధ్య మధ్య శబ్దం పోయేది, ఒకచోట తలుపు తెరుచుకోక ఆట అక్కడే ఆగిపోయేది. ఆ తలుపు దాటి ఏముందో నాకు చాలాకాలం తెలియదు.

2024 నవంబరు 15, శుక్రవారం. ఆట పుట్టి ఇరవై ఏళ్లయిన సందర్భంగా వాల్వ్ దాన్ని ఉచితంగా ఇచ్చేసింది. సోమవారం దాకా గడువు. ఆ గడువులోపు ఎవరు ఖాతాలో వేసుకుంటే వాళ్లకు శాశ్వతంగా సొంతం. తర్వాత వచ్చిన రెండు ఎపిసోడ్లూ అందులోనే. తయారుచేసినవాళ్ల ముచ్చట్లు మూడున్నర గంటలు అదనం. ఆ వారాంతం ఒకేసారి 60 వేలమందికి పైగా ఆడారు. దీని సొంత రికార్డు అది.

ఆరోజు కార్తీక పౌర్ణమి. మా అక్క డాబా మీద 365 వత్తుల దీపం వెలిగిస్తోంది. దీపావళికి ఆపిన సాంచాలు ఇంకా అన్నీ మొదలుకాలేదు, కాబట్టి మేనల్లుడు ఇంట్లోనే ఉన్నాడు. పందొమ్మిదేళ్లవాడు. ఫోన్‌లో బీజీఎంఐ, అంటే పబ్‌జీకి మన దేశపు రూపం, ఆడేవాడు. 2019 మార్చిలో రాజ్‌కోట్, సూరత్‌లాంటి చోట్ల పబ్‌జీని నిషేధించి, రాజ్‌కోట్‌లో ఆడుతున్న కుర్రాళ్లను పోలీసులు పట్టుకుపోయినప్పుడు, వీడు దుప్పటి కింద ఫోను పెట్టుకుని ఆడి అమ్మ చేత తిన్నాడు. షూటింగ్ ఆట అంటే వాడికి ఆకాశం నుంచి దూకడం, తుపాకీ ఏరుకోవడం, అరగంటలో తేలిపోవడం.

నా పాత ల్యాప్‌టాప్ మీద ఆట సులభంగా ఎక్కింది. ఒకప్పుడు కెఫె యంత్రాలను మోకాళ్ల మీద కూలేసిన ఆట ఇప్పుడు గడ్డిపరక.

మొదలవగానే రైలు. సిటీ 17 అనే ఊరి స్టేషన్‌లో మనం దిగుతాం. భూమిని ఆక్రమించినవాళ్ల రాజ్యం అది. ఎగిరే కెమెరా ముఖం మీదికొచ్చి ఫొటో తీస్తుంది. మూటాముల్లెలతో మనుషులు. కంచె అవతల ఒకామె, తనవాళ్లు తర్వాతి బండిలో వస్తారని చూస్తోంది. లాఠీలు పట్టుకుని ముసుగు పోలీసులు. పై తెరమీద ఒక పెద్దమనిషి స్వాగతోపన్యాసం. ఈ నగరాన్ని ఊహించిన చిత్రకారుడు విక్టర్ ఆంటొనోవ్ బల్గేరియాలోని సోఫియాలో పుట్టి పెరిగినవాడు. తన చిన్ననాటి వీధులనే తెచ్చి ఇక్కడ నిలబెట్టాడు. 2025 ఫిబ్రవరిలో చనిపోయాడు.

"మామా, తుపాకి ఎప్పుడిస్తడు?"

"ఇస్తడు. ఓపిక పట్టు."

"పావుగంటైతాంది. గిది షూటింగ్ ఆటనేనా?"

తుపాకీ ఆటకు తుపాకీ లేకుండా ఇంత మొదలు పెట్టినవాడి ధైర్యానికి ఇప్పుడు దండం పెడతాను. అప్పట్లో నాకూ అది విసుగే. ఎప్పుడు కాలుస్తానా అని స్టేషన్ అంతా పరుగెత్తి దాటేశాను. గోడ మీద ఏముందో, ఎవరేం గొణుగుతున్నారో చూడలేదు.

ఒక దారి దగ్గర పోలీసు నిలబడి ఉంటాడు. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాను లాఠీతో కావాలని కింద పడేస్తాడు. తీసి చెత్తబుట్టలో వెయ్యమంటాడు. అల్లుడు నా వైపు చూశాడు.

"ఎత్తకుంటే ఏమైతది?"

"నీ ఇష్టం."

వాడు ఎత్తి, పోలీసు మొహం మీదికి విసిరాడు. లాఠీ దెబ్బలు పడ్డాయి. తిరిగి మొదలుపెట్టి ఈసారి బుట్టలో వేశాడు. పోలీసు నవ్వి దారి వదిలాడు. దెబ్బల కంటే ఆ నవ్వే వాడికి ఎక్కువ కోపం తెప్పించింది. మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ విసిరాడు. ఒకదానికి లొంగినవాడివని, ఇంకోదానికి ఎదిరించినవాడివని ఆట బిరుదు ఇస్తుంది. ఇదంతా దేనికో ఎక్కడా చెప్పదు. ఇంతలో డాబా దిగి వచ్చిన మా అక్క తెర వైపు చూసి, "టేషన్ల గట్ల కొడ్తాండ్రేంది? మేం ఉధనాల దిగిన్నాడు టీసీ ఒక్కడే ఉండె గని" అని వంటగదిలోకి పోయింది.

వయసు మీదపడ్డ చోట్లూ ఉన్నాయి. చెప్పకపోతే అబద్ధమవుతుంది. పరుగు మధ్యలో తెర ఆగి, తర్వాతి ముక్క ఎక్కేదాకా కాచుకోవాలి. కాల్వల్లో మోటారు పడవ నడిపే భాగం సాగీ సాగీ చంపుతుంది. శత్రువులు మందబుద్ధులు, తలుపు దగ్గర నిలబడితే ఒక్కొక్కరే వచ్చి పడిపోతారు. మిత్రులు మనతో ప్రాణం మీదికొచ్చిన మాటలు మాట్లాడుతుంటే మనం బల్లెక్కి గెంతులేయొచ్చు, వాళ్లకు పట్టదు. కథానాయకుడు గోర్డన్ ఫ్రీమన్ మొదటి నుంచి చివరిదాకా నోరు విప్పడు. అల్లుడు ఆయనకు మూగాయన అని పేరు పెట్టాడు.

కానీ కళ్లు. అలిక్స్ అనే అమ్మాయి మాట్లాడుతూ మనవైపు చూసే చూపు ఇవాళ వస్తున్న ఖరీదైన ఆటల్లో కూడా ఇంత సూటిగా ఉండదు. పాల్ ఎక్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముఖంలో ఏ కండరం కదిలితే ఏ భావం పలుకుతుందో పట్టికలు వేశాడు. వాటిని పట్టుకుని ఆ ముఖాలు కదిలించారు. ఇంకోటి బరువు. చెక్కపలకకు ఒకవైపు ఇటుకలు పేరిస్తే రెండోవైపు లేస్తుంది. దాని మీదుగా ఎక్కి అవతలికి పోవాలి. ఎవరూ పాఠం చెప్పరు. అల్లుడు ఒక్క క్షణం చూసి ఇటుకలు పేర్చాడు. సాంచా పనివాడు, ఏ బరువు దేన్ని లాగుతుందో వాడికి వేరే చెప్పాలా? తర్వాత గ్రావిటీ గన్ చేతికొచ్చింది. వస్తువులను లాగి విసిరే యంత్రమది. రేవన్‌హోమ్ అనే దెయ్యాల ఊళ్లో రంపపు చక్రాలను దానితో విసురుతూ వాడు బీజీఎంఐ సంగతి మరిచిపోయాడు. లైటు వెయ్యమన్నాడు గాని, భయమని ఒప్పుకోలేదు.

అప్పట్లో నన్ను ఆపేసిన తలుపు కూడా వచ్చింది. ఇది అసలు కాపీ కదా, దానంతటదే తెరుచుకుంది. అవతల మామూలు మెట్లు.

సాంచాలు మొదలయ్యేలోపు ఇద్దరం వంతులు వేసుకుని అసలు ఆట ముగించి, ఎపిసోడ్లలోకి దిగాం. రెండో ఎపిసోడ్ 2007 అక్టోబరులో వచ్చింది. దాని చివర అలిక్స్ కళ్లముందే తండ్రి చనిపోతాడు. ఆమె ఏడుస్తుండగా తెర నల్లబడుతుంది. అల్లుడు తర్వాతి బటన్ కోసం వెతికాడు.

"మూడోది ఏది?"

"లేదు. రాలే."

"పదిహేడేండ్లైనా?"

డాక్యుమెంటరీలో చూపించారని చెప్పాను. మంచు గోడలు కట్టే తుపాకీ ఒకటి, ద్రవంలా జారి అంటుకునే శత్రువు ఒకటి, సగం సగం చేసి పక్కన పెట్టేశారు. 2020లో హాఫ్-లైఫ్: అలిక్స్ అని ఒకటి తెచ్చారు గాని అది తలకు తగిలించుకునే వీఆర్ యంత్రంతో ఆడేది, పైగా ముందు జరిగిన కథ. దీనికి తరువాయి లేదు.

"అంటే లోపల చేసి పెట్టిండ్రు గని బయటికిస్తలేరు."

"అట్లనే అనుకో."

"మరి ఆ జర్మనాయనకు ఫోన్ చెయ్యరాదు?"